వచ్చీ రాని సిగ్నల్ కోసం

పిల్లలూ, మీరున్న చోట కరెంటు పోదు. అందుకే ముందు ఈ సంగతి చెప్పాలి. చోడవరంలో మన ఇంట్లో కరెంటు పోతే దీపాలు ఒక్కటే కాదు, నెట్ కూడా అదే క్షణంలో పోతుంది. గోడకున్న డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఠక్కున ఆరిపోతుంది. మీ పిన్ని లాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి. ఆ రోజు గొడవంతా దీని నుంచే వచ్చింది.

మీ పిన్ని ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుందని మీకు తెలుసు. అది కాక ఇంకో పని ఉంది, దానికి జీతం లేదు. వెబ్‌సైట్లు కట్టుకోవడానికి ఒక ఫ్రేమ్‌వర్క్ ఉందట. నాకు అర్థమైనట్టు చెబుతాను. పందిరికి రాటలూ వాసాలూ తయారుగా ఉన్నాయనుకోండి, వాటిమీద తాటాకు కప్పుకుంటారో గుడ్డ కట్టుకుంటారో ఎవరిష్టం వాళ్ళది. ఇదీ అంతే. ఆ రాటలు ఎవరి సొంతమూ కాదు. ఏ దేశంవాళ్ళయినా ఊరికే తీసుకెళ్ళి వాడుకోవచ్చు, ఎక్కడైనా విరిగితే ఎవరైనా బాగుచేసి పెట్టొచ్చు. కాకపోతే బాగుచేసినదాన్ని ఎక్కడో చలిదేశంలో ఉండే ఒక పెద్దాయన చూసి, సరే అంటేనే అది లోపలికి వెళ్తుంది.

మీ పిన్ని చేసిన ఒక మార్పుకి ఆయన సరే అన్నాడు. అదే మొదటిది. ఫారం నింపి బటన్ నొక్కేసరికి నెట్ పోయిందనుకోండి, నింపిందంతా గాలికి పోకుండా దాచి, నెట్ రాగానే దానంతటదే మళ్ళీ పంపేలా రాసింది. మన మెయిన్ రోడ్డు మీద నెట్ సెంటర్లో కాలేజీ గుంటలు దరఖాస్తు నింపుతూ నింపుతూ కరెంటు పోయి ఏడవడం చూసి వచ్చిన ఆలోచన అది. దాన్ని పరీక్షించడానికి ఎన్నిసార్లు మన ఇంటి మెయిన్ ఆపిందో లెక్కలేదు. గ్రైండర్లో మినప్పప్పు సగం నలిగి ఆగిపోయేది. నేను చేతులు తుడుచుకుంటూ వచ్చి చూస్తే, మీటరు కింద ముక్కాలి పీట ఎక్కి నిలబడి ఉండేది.

"ఒసే, ఆ పప్పు పులిసిపోతాదే."

"ఒక్కసారమ్మా. ఇదే ఆఖరు."

ఆఖరు అన్నది ఎప్పుడూ ఆఖరు కాలేదు.

ఆ మార్పు లోపలికి వెళ్ళిన కొన్నాళ్ళకి, చెరకు కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, ఒక పొద్దున్న మీ పిన్ని కాఫీ చల్లారిపోయినా ముట్టుకోలేదు. ఆ ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్ళందరూ మాట్లాడుకునే పేజీ ఒకటి ఉంది. దాన్నిండా ఫిర్యాదులు, విడుదలకి ముందే కొత్త వెర్షన్‌ని వాడి చూస్తున్నవాళ్ళవి. ఒకసారి నొక్కితే రెండుసార్లు వెళ్తోందని. ఒకాయన ఒక్క చెప్పుల జత కొంటే రెండు జతలు వచ్చాయట. ఒకావిడ డాక్టరు దగ్గర రెండు అపాయింట్‌మెంట్లు తీసుకున్నట్టు నమోదైతే, ఆవిడ కావాలనే చేసిందని ఎవరో కసురుకున్నారట. కొందరు మీ పిన్ని మార్పు మీదే అనుమానం అన్నారు. పెద్దాయన ఎవరినీ తిట్టలేదు గానీ ఒక మాట రాశాడు. కొత్త వెర్షన్ ఆ రోజే, మనకి సాయంత్రం దీపాలవేళకి విడుదల చేస్తాడు. తప్పు ఈ మార్పుది కాదని ఈలోపు తేలకపోతే, దాన్ని తీసేసి విడుదల చేస్తాడు.

"తీసేస్తే ఏటవుతాదే?" అన్నాను మెల్లగా.

"ఏటీ అవదు. నా పని ఉండదు, అంతే." అంతేనంటూ చల్లారిన కాఫీ పారబోసింది.

ఆ పేజీలోనే పరిచయమైన ఒక గోదావరి జిల్లా కుర్రాడు ఫోన్ చేశాడు. ఇద్దరూ ముఖాముఖీ ఎప్పుడూ చూసుకోలేదు గానీ అక్కా తమ్ముడూ వరస పెట్టుకున్నారు. మీ పిన్ని స్పీకర్లో పెట్టి టైపు చేసుకుంటోంది.

"మీరు కంగారుపడకండక్కా. పొద్దుట్నించీ నేను అదే పని మీదున్నానండి. ఒక్కసారి కూడా రెండు వెళ్ళలేదు."

"నీ దగ్గర రాకపోతే లేనట్టేటి? నువ్వు ఫైబర్ నెట్ మీద కూర్చుని చూస్తన్నావు."

"మరి మీరో? మీ ఊరి కరెంటాఫీసు వాళ్ళకన్నా ఎక్కువసార్లు మీరే తీశారు కదండి కరెంటు. అమ్మగారి గ్రైండరునడగండి, సాక్ష్యం చెబుతుంది."

వంటింట్లో నాకు నవ్వొచ్చింది. మీ పిన్నికి రాలేదు.

"నెట్ నెమ్మది చేసి చూసేవా?"

"ఆయ్, నత్తలాగ నడిపించానండి. నెమ్మదిగా వెళ్ళింది, కానీ ఒక్కటే వెళ్ళింది. తప్పు మీది కాదక్కా, ఎవరో అడ్డంగా వాడుకుని మనమీద పడుతున్నారు. వాళ్ళు నిరూపించమనండి. పెద్దాయనతో నేను మాట్లాడతాను, మీరు ఊరుకోండి."

ఫోన్ పెట్టేశాక మీ పిన్ని ఊరుకోలేదు. ఫిర్యాదులన్నీ మళ్ళీ మొదటినుంచీ చదివింది. నేను చారుకి చింతపండు పిసుకుతుంటే వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడింది.

"అమ్మా, ఒకడు రైల్లో ఉన్నాడు. ఒకామె లిఫ్టులో ఉంది. ఇంకొకడు భూమిలోపల కార్లు పెట్టేకాడ ఉన్నాడు. వీళ్ళెవ్వరికీ కరెంటు పోలేదు."

"అయితే?"

"మనింట్లో నెట్ ఉంటే ఉంటాది, పోతే పోతాది. ఉండీ లేనట్టు ఊగిసలాడ్డం ఇక్కడ జరగదు. నేను రాసిందంతా మనింటికి సరిపోయేలా రాసేనేమో అని బయమేస్తంది." నా ఫోన్ వైపు చూసి అడిగింది. "నువ్వు బుచ్చయ్యపేట ఎల్లినప్పుడు నీ ఫోన్ ఎక్కడ ముక్కలు ముక్కలవుతాది?"

"పెద్ద మలుపు దాటేక, చెరకు తోటల మధ్యన. అక్కడికొచ్చేసరికి మీ అక్క మాట సగమే వినపడతాది."

"పద."

చారు పొయ్యి మీద పెట్టకుండానే బయల్దేరాం. స్కూటర్ తను నడిపింది. వెనక నేను, నా ఒళ్ళో గుడ్డసంచిలో లాప్‌టాప్. దారి పొడుగునా చెరకు బళ్ళు. నేను ఫోన్ పట్టుకుని గీతలు చెబుతూ వచ్చాను. మూడున్నాయి. రెండున్నాయి. లోకమంతా సిగ్నల్ ఉన్న చోటు వెతుక్కుంటుంది, మేము లేని చోటు వెతుక్కుంటూ వెళ్ళాం. మలుపు దాటాక ఒక గీత వెలుగుతూ ఆరుతూ ఉన్న చోట స్కూటర్ ఆపి, బోదె గట్టు మీద కూర్చున్నాం. పక్క చేనులో కోత కోయిస్తున్న రైతు మమ్మల్ని చూసి తలపాగా విప్పుకుంటూ వచ్చాడు.

"ఏటమ్మా, సిగ్నల్ కోసమా? ఇక్కడ రాదు. అదిగో, ఆ మెట్ట సూడండి. ఆడికెక్కితే గీతలన్నీ వచ్చేస్తాయి."

"వద్దు బాబూ, మాకు ఇక్కడే బాగుంది," అంది మీ పిన్ని.

"బాగుండడమేటి, నా పెళ్ళాం పుట్టింటికి ఫోన్ సేసుకోవాలంటే ఆ మెట్టే ఎక్కుతాది."

"మాకు రాకుండా ఉన్న కాడే కావాలి."

ఆయన నా వైపు చూశాడు, ఈ పిల్ల బాగానే ఉందా అన్నట్టు. "కంప్యూటర్ పని బాబూ," అన్నాను. ఆ మాటతో ఊరుకుని వెళ్ళిపోయాడు.

మీ పిన్ని లాప్‌టాప్‌ని నా ఫోన్ నెట్‌కి కలిపి, ముందే చేసిపెట్టుకున్న ఉత్తుత్తి ఫారం ఒకటి తెరిచింది. అందులో ఏదైనా రాసి నొక్కితే, ఎక్కడో దూరాన కంప్యూటర్లో ఉన్న పేర్ల పట్టీలోకి అది చేరుతుంది. ఏం రాయమంటావంటే నీ ఇష్టం అంది. పెసరట్టు అని రాసి నొక్కాను. చక్రం తిరిగింది, తిరిగింది. గీత ఆరిపోయి, మళ్ళీ వెలిగింది. చివరికి వెళ్ళిందంది. పట్టీ తెరిచి చూస్తే పెసరట్టు ఒకటే ఉంది. మీ పిన్ని గట్టిగా ఊపిరి వదిలింది.

"ఇంకోసారి నొక్కమ్మా."

ఉప్మా అని రాశాను. చక్రం తిరుగుతూనే ఉంది. ఎండ మెడమీద చురుక్కుమంటోంది. పట్టీ తెరుచుకునేదాకా తను కళ్ళు తిప్పలేదు. ఉప్మా. దాని కిందే ఇంకో ఉప్మా.

మళ్ళీ మళ్ళీ నొక్కించింది. కొన్నిసార్లు ఒకటి, కొన్నిసార్లు రెండు.

తను నాకు చెప్పినట్టే మీకూ చెబుతాను. మీరూ నేనూ ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు ఒక్కోసారి నా మాట మీకు వినపడుతుంది, మీరు ఊఁ అన్నది నాకు వినపడదు. అప్పుడు నేను మళ్ళీ మొదటినుంచీ చెబుతాను కదా. మీరు విన్నమాటే రెండోసారి వింటారు. ఇదీ అదే. మన ఇంట్లో కరెంటు పోయినప్పుడు మాటా వెళ్ళదు, ఊఁ కూడా రాదు, కాబట్టి మళ్ళీ చెప్పడం సబబే. ఇక్కడ మాట చేరిపోయింది. రాకుండా పోయింది ఊఁ మాత్రమే. మెయిన్ ఆపి ఎన్నిసార్లు చూసినా అది కనపడదు.

"నాదే," అంది. "తప్పు నాదేనమ్మా."

అప్పుడే తన ఫోన్ చిన్నగా మోగింది. గోదావరి కుర్రాడు మాట రికార్డు చేసి పంపాడు, ఎప్పుడు పంపాడో, అప్పటికి చేరింది. మీ పిన్ని చెవిదగ్గర పెట్టుకోకుండా గట్టిగానే వినిపించింది.

"అక్కా, పని అయిపోయిందండి! పెద్దాయన్ని ఒప్పించేశాను. మీ మార్పు తియ్యట్లేదు. దీపాలవేళ దాకా కూడా ఆగరంట, ఇంకాసేపట్లో విడుదల చేసేస్తానన్నారు. పార్టీ ఎప్పుడండి మరి?"

పొద్దున్న ఈ మాట వచ్చి ఉంటే తను ఎగిరి గంతేసేది. ఇప్పుడు ముఖం పాలిపోయింది. ఆ వెర్షన్ విడుదలైతే, దాన్ని తీసుకున్న ప్రతి సైట్లోకీ ఈ తప్పు వెళ్ళిపోతుంది. ఎంత దూరం వెళ్తుందో తనకే తెలీదంది. ఆపమని రాసి నొక్కింది. వెళ్ళలేదు. కుర్రాడికి ఫోన్ చేసింది. కలవలేదు. అంతసేపూ మాకు పనికొచ్చిన చోటే ఇప్పుడు అడ్డమైంది.

"ఎక్కమ్మా, ఎక్కు."

చోడవరం వైపు తిప్పాం. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఒక చెరకు ట్రాలీ చక్రం కుంగి, సగం లోడు రోడ్డు మీద ఒరిగిపోయి ఉంది. అటూ ఇటూ బళ్ళు. స్కూటర్ దూరే సందు కూడా లేదు. ఫోన్లో గీత ఒకటే. మీ పిన్ని హారన్ మీద చెయ్యి తియ్యడంలేదు.

"హారన్ కొడితే చెరకు లేచి నిలబడతాదేటమ్మా?" అన్నాడు ట్రాక్టర్ డ్రైవరు.

మీ పిన్ని హారన్ వదిలేసి స్కూటర్ వెనక్కి తిప్పింది. "మెట్ట," అంది.

మేము మెట్ట కిందికి చేరేసరికి ఆ రైతు గట్టు మీద మంచినీళ్ళు తాగుతున్నాడు. "ఇందాక సెప్తే ఇన్నారు కాదు," అని కేకేశాడు. తను ఫోన్ పట్టుకుని ఎక్కేసింది. నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసు. రాయీ రాయీ పట్టుకుని ఎక్కుతుంటే పైనుంచి తన గొంతు వినపడింది.

"ఒరే, నేనే. విడుదల చేసేసేడా?... చెయ్యలేదు కదా? ఆపమను. నిజంరా, నాదే. రెండేసి వెళ్తన్నాయి, నా కళ్ళతో చూసేను... నీ పరువు సంగతి తర్వాత, ముందు ఆపమను!"

నేను పైకి చేరేసరికి ఆ పేజీలో రాస్తోంది. ఎక్కడ చూసింది, ఎలా చూసింది, ఎందుకు ఇంట్లో కనపడలేదు, అన్నీ. చివర, నా మార్పు తీసేయండి అని రాసింది. ఆ వాక్యం దగ్గర వేలు కాసేపు ఆగింది. నొక్కింది. నాకు చూపించి, "ఒక్కసారే ఎల్లిందమ్మా," అంది.

జవాబు వచ్చేదాకా ఇద్దరం ఆ రాళ్ళమీద కూర్చున్నాం. కింద చెరకు ఆకులు ఎండకి తళతళమంటున్నాయి. తను ఫోన్ తిరగేసి ఒళ్ళో పెట్టుకుంది, మళ్ళీ తిప్పి చూసింది. పెద్దాయన రాశాడు. విడుదల ఆపాను, నీ మార్పు తీసేసి వదులుతాను, వెతికి చెప్పినందుకు సంతోషం అని. ఇంకేమీ లేదు. ఆ వెంటనే కుర్రాడి ఫోన్.

"మీకోసం గంటసేపు వాదించానక్కా. ఆ పేజీలో అందరి ముందూ నా మీసం మీరే గొరిగేశారు కదండి."

"నీకు మీసముందని నాకేటి తెల్సు? ఎప్పుడైనా చూసేనా?" అంది మీ పిన్ని. అలా అంటూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ వెర్షన్‌లో తన పని లేదు. మార్పు మళ్ళీ మొదటినుంచీ రాస్తోంది. పంపే ప్రతిదానికీ ఒక గుర్తు కట్టి, అదే గుర్తుతో రెండోది వస్తే అవతలివాళ్ళు పక్కన పెట్టేలాగట. పెద్దాయన చూస్తున్నాడు, ప్రశ్నలు వేస్తున్నాడు, ఇంకా సరే అనలేదు. గ్రైండర్ మాత్రం ఇప్పుడు ఆగడంలేదు. కాస్త రాసుకున్నప్పుడల్లా నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఆ గట్టుకే తీసుకెళ్తుంది. మొన్న వెళ్తే రైతు మాకోసమే చూస్తున్నట్టు ఎదురొచ్చాడు.

"అమ్మా, మీకోసరం ఇంకో సోటు సూసేను. రావికమతం దారిలో కొండ మలుపుంది. ఆడ సిగ్నల్ అస్సలంటే అస్సల్రాదు."

"అస్సలు రాకపోతే మాకు పనికిరాదు బాబూ," అన్నాను నేనే. "వచ్చీ రానట్టుండాల."

ఆయన తలపాగా సర్దుకుంటూ ఆలోచించాడు. "అయితే ఇదే మంచిది," అని, మేము కూర్చునే చోట చెరకు ఆకులు పరిచాడు.