నీళ్లు పోయించుకున్న కప్ప

నిన్న మా బడిలో వార్షికోత్సవానికి పిల్లలు రంగు కాగితాలు కత్తిరిస్తుంటే ఎవరో వాటి మీద నీళ్ల బాటిల్ ఒలకబోశారు. తడిసిన కాగితం వాసన గుప్పుమంది. అంతే, తిట్టడం కూడా మరిచిపోయి కూర్చుండిపోయాను. షమీమ్ మేడమ్ గుర్తొచ్చారు.

కర్నూలులో నేను డిగ్రీ చదివిన కాలేజీలో ఆమె తెలుగు లెక్చరర్. మనిషి పొట్టి. గొంతు మాత్రం ఆఖరి బెంచీలో నిద్రపోయేవాళ్లను కూడా లేపేది. నేనేమో ఆలూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి, "యాడికి పోతాండావు?" అన్న పాపానికి హాస్టల్లో నవ్వులపాలైనదాన్ని. అందరికంటే ఎక్కువ నవ్వింది కర్నూలు పిల్ల సుజాత. ఇక నోరు విప్పితే ఒట్టు. చదువూ వద్దు, గిదువూ వద్దు, వచ్చి తీసుకుపొమ్మని అమ్మకు ఫోన్ చేశాను. కాలేజీ నాటకం రోజు వస్తాను, ఆట చూసి ఇద్దరం పోదామంది.

ఆ నాటకం మేడమ్ పిచ్చి. మనవరాలితో కూర్చుని చూసిన ఒక బొమ్మల సినిమాను, ఇంటిల్లిపాదీ చూసే పాటల నాటకంగా మార్చారు. కింద పడతానన్న భయంతో కురవనని మొండికేసిన పిల్ల మబ్బు, దాన్ని బతిమాలడానికి బయల్దేరిన కప్ప. మబ్బు సుజాత. కప్ప వేషానికి మేడమ్ వేలు నామీదికి తిరిగింది.

"నా మాట బాగుండదు మేడమ్."

"ఈడ పుట్టిన కప్ప ఈడి మాట కాకుండా ఇంకేం మాట్లాడుతుంది? మీ ఇంట్లో ఎట్ల అడుగుతారో అట్లే అడుగు."

నా మాటలన్నీ నా చేతే చెప్పించుకుని అలాగే ఉంచారు. రిహార్సల్లో ఎవరైనా కిసుక్కుమంటే, "బయట నవ్వుకొని రాపోండి" అని పంపేసేవారు. అయినా నాకు ధైర్యం చాలలేదు. పెట్టె సర్దుకునే వేషం కట్టాను.

ఆ రోజు హాలు కుటుంబాలతో కిటకిటలాడింది. పచ్చ కాగితాల వేషంలో నేను జనం మధ్యనుంచి పాడుకుంటూ స్టేజీ ఎక్కాలి. మా వైపు వానలు రాకపోతే కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పుతారు. వాకిట్లోకొచ్చిన కప్ప మీద నీళ్లు పోయకుండా ఎవరూ పంపరు. ఆ సంగతి మేడమ్‌కూ తట్టలేదు, నాకూ తట్టలేదు. సగం దూరం పోయేసరికి నెత్తిన చల్లగా పడ్డాయి. చూస్తే మా అమ్మ! ఒక చేతిలో మూత తీసిన బాటిల్, కళ్లు మూసుకుని రెండో చేత్తో దండం. ఆమెను చూసి పక్కనున్న అవ్వ, ఆ వెనక ఇంకొకామె. వేషం పీలికలైంది, పచ్చరంగు మొహమంతా కారింది. హాలంతా ఒకటే నవ్వు. ప్రిన్సిపాల్ లేచి తెర దించమన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మేడమ్ తెర దించొద్దని చెయ్యూపి, స్టేజీ పక్కనుంచి పరుగున వచ్చి, కొంగుతో నా కళ్లు మాత్రం తుడిచారు.

"నిన్ను నిజం కప్పే అనుకొని నీళ్లు పోసినారు మే. ఇంకేం కావాల నీకు? మబ్బు ఆడుండాది, పోయి అడుగు."

పోయాను. రాసుకున్నదంతా మరిచిపోయాను. "ఏమ్మే మబ్బూ, కింద పడాలంటే భయమా? నన్ను చూడు. ఇంతమంది నవ్వుతాంటే తడిసి నిలబడినా. ఏమైపోయినా? శానా ఎండిపోయినాం, రా మే!" అన్నాను. నవ్వు ఆగిపోయింది. సుజాత కళ్లలో నీళ్లు తిరిగాయి. తన పాట కూడా పాడకుండా దిగివచ్చి, నన్ను ఆ తడితోనే వాటేసుకుంది. ఇక చప్పట్లు!

ఆట అయ్యాక అమ్మ బిక్కమొహంతో వచ్చింది. "కప్ప కనబడితే చెయ్యి ఆగల్యా పాపా. బస్సుకు టైమైతాంది, పెట్టె యాడుండాది?"

"పెట్టె ఈడే ఉండనీమ్మా. నువ్వు పోయిరా."

మేడమ్ పోయిన ఏడు చనిపోయారు. నేనిప్పుడు కల్లూరులో టీచర్ని. నోరు కట్టేసుకుని వచ్చే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. మొన్న అలాంటి పాప ఒకతి, వాళ్ల మేకపిల్ల సంగతి ఎత్తుకుని, గంట కొట్టినా ఆపలేదు. నేను ఒక్క మాటా దిద్దలేదు. మేడమ్ ఉంటే వెంటనే ఫోన్ చేసి చెప్పేదాన్ని. ఇప్పుడెవరికి చెప్పను? కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. నేను ఏడుస్తున్నానని పాప బెదిరి ఆగిపోయింది.

"ఏం లేదులే మే," అన్నాను. "తర్వాత ఏమైంది, చెప్పు."