కంప్యూటర్ కోర్సని చెప్పి సూరత్‌కు

రాజమల్లుకు అబద్ధం చెప్పాలన్న ఆలోచన నాది కాదు, ఆయన కూతురు స్రవంతిది. జగిత్యాల వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతాను. మా దగ్గరే ఇంటర్ పాసైన స్రవంతి, సూరత్ దగ్గర ఒక శిక్షణ సంస్థలో మగ్గాల మెకానిక్ కోర్సుకు దరఖాస్తు పెట్టింది. తండ్రి ఇరవై ఏళ్లుగా సూరత్‌లోనే మరమగ్గాలు నడుపుతున్నాడు. బిడ్డ మాత్రం వాటి దరిదాపులకు రాకూడదని ఆయన పట్టుదల.

"కంప్యూటర్ కోర్సని చెప్పుండ్రి మేడమ్. అబద్దమేం గాదు, ఇప్పటి మగ్గాలకు కంప్యూటర్లే ఉంటయ్" అంది. ఫోన్లో అలాగే చెప్పాను. మేడమ్ మాట కదా, నమ్మాడు.

సాయంత్రం ఏడున్నరకు వరంగల్‌లో అహ్మదాబాద్ రైలెక్కాం. స్లీపర్ టికెట్లు నెల ముందే తీసుకోవడం మంచిది. మరుసటి మధ్యాహ్నం మూడింటికి సూరత్‌లో దిగేసరికి రాజమల్లు వేడివేడి లోచోతో ఎదురొచ్చాడు. శనగపిండిని ఆవిరి మీద ఉడికించి, నూనె, సన్న కారప్పూస చల్లి ఇచ్చే పలహారం అది. చెంచా అడిగి తీసుకోండి, చేత్తో లొంగదు.

"గింత దూరం ఏంది మేడమ్? కరీంనగర్ల లేవా కంప్యూటర్లు?"

"ఇక్కడివి పెద్దవి" అన్నాను. అదీ నిజమే.

ఊళ్లో అమ్రోలి అనే పేటలో ఆయన గది పక్కనే ఉన్న తెలుగు కుటుంబం మాకు చోటిచ్చింది. పొద్దున ఎనిమిదికి ముగ్గురం సంస్థ ఉన్న పల్సానాకు బస్సెక్కాం. సంస్థ గేటు దాటగానే రాజమల్లు ఆగి, తల పక్కకు వంచి విన్నాడు.

"ఇది కంప్యూటర్ మోత గాదు."

నేను బోర్డు చదువుతున్నట్టు నటించాను.

"గీ మోతల నా చెవులు పోయినయ్. నీకు గూడ పోవాల్నా?" అని బిడ్డను కసిరాడు.

"ఒక్క టెస్టు బాపూ. సీటు రాకుంటే నువ్వు చెప్పిన కాడ చేరుత" అంది స్రవంతి. ఆయన గొణుక్కుంటూనే మా వెనక లోపలికి వచ్చాడు.

పరీక్ష ఇది: మాటిమాటికీ ఆగిపోతున్న మగ్గాన్ని పావుగంటలో బాగుచేయాలి. మేము అద్దం తలుపు బయట నిలబడ్డాం. ఐదు నిమిషాలకే రాజమల్లు చేతులు ఊరుకోలేదు. మోతలో మాట వినపడదు కాబట్టి మగ్గాల పనివాళ్లు సైగలతోనే మాట్లాడుకుంటారు. దారం తెగిందని వేళ్లతో చూపించాడు. స్రవంతి చెయ్యి అడ్డంగా ఊపింది. ఆయన ఇంకా పెద్దగా చూపించాడు.

అది పరీక్ష పెట్టే గుజరాతీ మేడమ్ కంట పడింది. తలుపు తీసి, బయటివాళ్లు సాయం చేస్తే పరీక్ష రద్దేనంది హిందీలో. తన పనిలో తన మాటే చివరి మాటనుకునే రాజమల్లు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మైనే బతాయా, మేడమ్‌జీ. లేకిన్ గలత్ బతాయా." చెప్పింది నేనే, కానీ తప్పు చెప్పాను అని.

ఆమె వెళ్లి చూసింది. దారం నిక్షేపంగా ఉంది. దారాన్ని కనిపెట్టే సెన్సర్ మీద పేరుకున్న దూదిని స్రవంతి అప్పటికే బ్రష్‌తో తుడిచేసింది. మీట నొక్కితే మగ్గం ఆగకుండా నడిచింది.

"నాన్న చెప్తే వినలేదేం?" అని అడిగిందామె.

"ఘర్ మే భీ నహీ సున్తీ" అంది స్రవంతి. ఇంట్లో కూడా విననని. ఆ మేడమ్ నవ్వు దాచుకోవడానికి కాగితాల్లోకి తల దించింది.

నాలుగింటికి జాబితా అంటించారు. స్రవంతి పేరు ఉంది. తరగతులు వచ్చే నెల నుంచి.

"మీరు గూడ గిట్ల చెప్తరనుకోలే మేడమ్" అన్నాడు రాజమల్లు. నేను బస్సు వేళలు అడగడానికి వెళ్లిపోయాను. వచ్చేసరికి ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు: "నా మాట ఇని ఉంటే సీటు పోతుండె!"

సూరత్‌లో చూడదగ్గవి ఏమున్నాయో నాకు తెలియదు. పిల్లల్ని ఇలాంటి కోర్సులకు తీసుకెళ్లేవాళ్లకు మాత్రం ఒక మాట: తండ్రులు మనం అనుకున్నంత మొండివాళ్లేమీ కాదు, ముందే నిజం చెప్పి చూడండి. నేను చూడలేదు.

తిరుగు రైల్లో నందుర్బార్ దాటాక, ఎదురు బెర్తు మంచిర్యాల ఆవిడ ఏ పని మీద సూరత్ వెళ్లారని ఆరా తీసింది. నేను నోరు తెరిచేలోపే స్రవంతి చెప్పేసింది, మగ్గాలు రిపేరు చేసే కోర్సని.

"ఆడపిల్లవు, అది నేర్చుకొని ఏం చేస్తవ్ బిడ్డా?"

"రిపేర్లు చేస్త, ఆంటీ."