రెక్క కింది వేలిముద్ర

ఎవరింట్లో బొమ్మ విమానం కనబడినా నా చేతులు ఊరుకోవు. తోక ఒక పక్కకు వంగిందనో, రంగు గీత వంకరగా ఉందనో చేతిలోకి తీసుకుంటాను, అడగకపోయినా సలహా ఇస్తాను. పదిహేనేళ్ళుగా ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులు వేసి విమానాలు చేస్తున్నవాణ్ణి కదా, ఆ మాత్రం అధికారం నాకుందనుకునేవాణ్ణి. ఈ గుణం వల్ల మొన్నటి వానాకాలంలో ఒక వారం పాటు నాకు తిన్నది ఒంటబట్టలేదు.

మాది ముంబై కామాఠిపురాలో పాత చాల్, అంతస్తుకు వరుసగా గదులున్న బిల్డింగు, మూడో అంతస్తు. పదడుగుల ఖోలీలో, ఆ ఒక్క గదిలోనే, నేను, నా భార్య, కిటికీ పక్కన గోడకు కొట్టిన పలక మీద నా విమానాలు. పగలు గ్రాంట్ రోడ్‌లో కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాను, సాయంత్రం ఇంటికొచ్చి రెక్కలు అరగదీస్తాను. "పొద్దుమూకులు అరగదీసుడేనా, ఎప్పుడన్న మనుషులతోని మాట్లాడుడున్నదా" అంటుంది నా భార్య. రంగును కరిగించే థిన్నర్ వాసన ఆమెకు గిట్టదు. అందుకే రంగుల పని బయట, గదుల ముందు అందరూ నడిచే గ్యాలరీలో పెట్టుకుంటాను. అక్కడ బట్టలు ఆరేసేవాళ్ళతో నా తగాదాలు వేరే.

పక్క ఖోలీ కాకాది. రక్తసంబంధం లేదు, మా నాన్నతో కలిసి పాలమూరు నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి. ముప్పై ఏళ్ళు విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించి దించే లోడర్‌గా పనిచేశాడు. నాకీ పిచ్చి అంటించింది ఆయనే. చిన్నప్పుడు మిద్దె మీదికి తీసుకుపోయి, పైన వెళ్ళే విమానం పొట్ట చూసి అది ఏ రకమో చెప్పేవాడు. మనమంతా ముక్కూ తోకా చూస్తాం. లోడర్‌కు విమానమంటే పొట్ట. లోపల నిలబడే జాగా ఉండదు, మోకాళ్ళ మీద పాకుతూ పెట్టెలు జరపాలి. ముప్పై ఏళ్ళు ఆ పొట్టలో పాకినవాడు పైన సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఇప్పుడు ఆ మోకాళ్ళు ఆయన్ని మెట్లు దిగనివ్వవు.

పదకొండేళ్ళ కిందట, పని చాలించిన రోజున ఆయన లోడర్ల గ్యాంగు ఆయనకొక చెక్క విమానం ఇచ్చింది. మూరెడు పొడవు, తెల్లరంగు, కింద చిన్న స్టాండు. కాకా దాన్ని తీసుకొచ్చి దేవుని గూట్లో పటాల మధ్య పెట్టాడు, సరిగ్గా దీపం పైన. పొగకు దాని అడుగంతా నల్లబడిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా నా చేతులు గుంజేవి.

మా బిల్డింగు పడగొట్టి కొత్తది కడతారని ఖాళీ చేయమన్నారు. మేమింకా గది వెతుక్కుంటున్నాం, కాకా వర్లిలో ఉన్న కూతురి ఇంటికి పోవాలి, ఆదివారం టెంపో వస్తుంది. దానికి ముందు సోమవారం సాయంత్రం నన్ను పిలిచి విమానం చేతిలో పెట్టాడు.

"జర సాఫ్ చేసియ్యి రా. బిడ్డ ఇంట్ల ఇంత మసితోని పెడితె మంచిగుండది. పైపైన తుడ్వు, సాలు."

పైపైన అన్నాడు. నేను వినిపించుకోలేదు.

ఈ పనిలో మొదటి నియమం, ఏది తుడిచినా ముందు సబ్బునీళ్ళతో చూడాలి. అది లొంగకపోతేనే ఘాటు మందు. ఎంతమందికి చెప్పానో ఈ మాట. కానీ ఆ రోజు దుకాణంలో ఓనరుతో మాటామాటా వచ్చి చిరాగ్గా ఉన్నాను, ఎదురుగా నూనె జిడ్డుతో బంకగా మసి. గ్యాలరీలో కూర్చుని నేరుగా దూదిని థిన్నర్‌లో ముంచి కుడి రెక్క అడుగున రుద్దాను. నలుపు వచ్చింది. ఇంకోసారి రుద్దాను, ఇంకా నలుపు. మూడోసారి దూదికి నీలం అంటుకుంది. ఫ్యాక్టరీ రంగు కాబోలు అనుకుని, సిగ్గులేకుండా, నాలుగోసారీ రుద్దాను. రెక్క పాలలా తెల్లబడింది. అంచున మాత్రం చిన్న నీలం తోక మిగిలింది, ఎవరో రాసిన అక్షరం చివర.

వెంటనే ఎడమ రెక్కను సబ్బునీళ్ళతో మెల్లగా కడిగాను. మసి కింద నుంచి రెండు సంతకాలు తేలాయి, ఒకటి మరాఠీలో, ఒకటి తెలుగులో. మార్కర్ సిరా చెక్కుచెదరలేదు. అంటే కుడి రెక్కవి కూడా సబ్బునీళ్ళకు నిలిచేవే.

అప్పుడే కాకా గొంతు ఆయన గుమ్మంలోంచి వినబడింది.

"అయితుందా రా? కింద మా గ్యాంగోళ్ళ దస్కతులు ఉన్నయి. మసి వట్టి ఎన్నేండ్లాయెనో కనవడక. ఇప్పుడు కనవడుతున్నయా?"

"కనబడుతున్నయి కాకా" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో.

"ఎడమ దిక్కు ఇద్దరు. కుడి దిక్కు ఇద్దరు, ఇంక మా జోడీదారు వేలు. వాడు నా తీరే, సదువు రానోడు. మార్కర్ వేలికి పూస్కొని ఒత్తిండు. వాడు పోయి ఆరేండ్లాయె. ఒక్క ఫోటో సుద లేదు. ఆ దస్కతులల్ల ఎవనిది ఏదో నాకు తెల్వది గని, వాని వేలొక్కటి గుర్తువడుత."

ఒక జోడీలో ఒకడు పొట్ట లోపల, ఒకడు బయట. ఇరవై రెండేళ్ళు వాళ్ళిద్దరూ అలాగే చేశారని నాకు తెలుసు. చదువురాని మనిషి ఆ విమానం మీద చదవగలిగింది ఒక్కటే ఒకటి, దాన్ని నేను నాలుగుసార్లు రుద్ది తీసేశాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు కోపం కాకా మీదే వచ్చింది. విమానాన్ని దీపం మీద పెట్టేవాడెవడైనా ఉంటాడా అని గొణుక్కున్నాను.

నా భార్యకు చెప్పాను. ఆమె చపాతీ తిప్పుతూనే ఉంది.

"పోయి చెప్పు."

"ఆదివారం దాకా టైముంది కదా. ఏదో ఒకటి చేస్త."

"చేసుడు కాదు. చెప్పుడు."

నేను చెప్పలేదు. పని మొదలుపెట్టే ముందు ఫోటోలు తీసుకోవడం నాకలవాటు. ఫోనులో రెక్క అడుగు ఫోటో ఉంది, అంతా మసే. వెలుగు పెంచి, పెంచి చూస్తే సంతకాలు రెండూ లీలగా బయటపడ్డాయి. వాటిని కంప్యూటర్‌లో శుభ్రం చేసి, ఫాక్‌లాండ్ రోడ్ మూలనున్న జిరాక్స్ దుకాణంలో డెకాల్ కాగితం మీద ముద్రించాను. డెకాల్ అంటే నీళ్ళలో నానితే కాగితం మీంచి జారే పలచటి పొర, అంటించాక రాసినట్టే ఉంటుంది. గురువారం సాయంత్రం రెండూ పాత చోట్లలో కూర్చున్నాయి. వేలిముద్ర మాత్రం ఫోటోలో వట్టి మరక, ఒక్క గీత కూడా లేదు.

ఆ వారమంతా కాకా గుమ్మం ముందు నుంచి పోవాల్సినప్పుడల్లా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. అయినా కనిపెట్టి "ఇంక ఎన్ని దినాలు రా" అనేవాడు. "రంగు ఆరాలె కాకా, వానలు కదా" అనేవాణ్ణి. మా అంతస్తు కుళాయి దగ్గర ఆయన పక్కింటివాళ్ళతో "మావోడు నా విమానం కొత్తగ చేస్తుండు" అని చెప్పుకోవడం విన్నాను. ఆ పూట స్నానం కూడా సరిగా చేయలేకపోయాను.

శనివారం నా బొటనవేలికి నీలం మార్కర్ పూసుకున్నాను. పాత పేపరు మీద పది పన్నెండుసార్లు ఒత్తి చూశాను. కొంచెం వెలిసినట్టు పడిన తీరు పట్టుకుని, ఊపిరి బిగబట్టి రెక్క మీద ఒత్తాను. పైన వార్నిష్ కొట్టాను. ఎంత బాగా కుదిరిందంటే నా పనితనానికి నేనే మురిశాను. నా భార్య వచ్చి వంగి చూసింది.

"అది నీ వేలు" అంది, అంతే. నీళ్ళ బిందె తీసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున కాకా ఖోలీ ఖాళీ అయింది. మిగిలిన ఇనుప పెట్టె మీద ఆయన కూర్చున్నాడు. విమానం అందించాను. పైభాగం అద్దంలా మెరిపించాను, దానికి ఒక్క చూపు కూడా దక్కలేదు. తీసుకున్నవాడు తీసుకున్నట్టే తిరగేసి జేబులోంచి కళ్ళద్దాలు తీశాడు. ఆ అద్దాలు నేనే అరగదీసి బిగించినవి. జీవితంలో మొదటిసారి, పని కొంచెం చెడగొట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఎడమ రెక్క చూసి తల ఊపాడు. కుడి రెక్క దగ్గర ఆగాడు. కిందనుంచి ఆయన కూతురు "బాబా, టెంపో థాంబలాయ్" అని కేకేసింది, టెంపో ఆగి ఉందని. ఆయన రెక్కను కళ్ళకు ఇంకా దగ్గరగా జరుపుకున్నాడు.

"ఇది ఎవని వేలు?"

కొత్తగా చూస్తున్నట్టు నేనూ రెక్క మీదికి వంగాను.

"వాని వేలుకు అడ్డంగ కోత ఉండె. సామాను తలుపుల వడ్డది. ముద్ర ఎప్పుడొత్తినా రెండు తునకలై వడుతుండె." నా మొహంలోకి చూశాడు. "ఎవనిది రా?"

"నాది కాకా."

తర్వాత అన్నీ చెప్పాను. థిన్నర్ సంగతి, ఫోటో సంగతి, ఆ రెండు సంతకాలు కూడా అచ్చువేసి అంటించినవన్న సంగతి. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదురుచూశాను. విమానాన్ని ఒళ్ళో పెట్టుకుని కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నీ సామాను తే" అన్నాడు చివరికి.

థిన్నర్ సీసా, చివర దూది చుట్టిన పుల్లలు తెచ్చాను.

"తుడ్వు. నా ముంగట తుడ్వు."

వేలిముద్రకు రెండు వైపులా వేలెడు దూరంలో ఆ సంతకాలున్నాయి. థిన్నర్ ఒక్క చుక్క జారినా అవీ పోతాయి. పుల్లను తడిపి, పేపరుకు అద్ది, దాదాపు పొడిగా చేసి మొదలుపెట్టాను. ముందు వార్నిష్ మెత్తబడాలి, తర్వాత సిరా. కింద టెంపోవాడు హారన్ మోగిస్తున్నాడు. కాకా అద్దాల్లోంచి నా వేళ్ళనే చూస్తున్నాడు. ఒక్కో గీతా నీలంగా లేచి దూదికంటింది. ఆరు పుల్లలు పట్టాయి. సంతకాలు రెండూ నిలిచాయి.

"ఈ రెండు కూడ తియ్యాల్నా కాకా?"

"ఉండనియ్యి. రాసింది వాళ్ళే గద."

"ఈ జాగాల ఏమన్న..."

"ఏం వద్దు. అది వాని జాగ. ఖాళీగనే ఉండాలె."

విమానం కండువాలో చుట్టుకుని, నా భుజం పట్టుకుని మెట్లు దిగాడు. మూడు అంతస్తులూ భుజం గట్టిగానే పట్టుకున్నాడు.

నెల తర్వాత వర్లి నుంచి కబురొచ్చింది, విమానం వేలాడదీయాలి, రమ్మని. దేవుని గూట్లో కాదు, ఆయన మంచం పైన, కప్పు నుంచి. నైలాన్ దారం పట్టుకుని పోయాను. స్టూలెక్కి, ముక్కు ఎటు పెట్టమంటావని అడిగాను.

"ముక్కు ఎటన్న వెట్టు. కుడి రెక్క నా తలకాయ దిక్కుండాలె."

అలాగే కట్టాను. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని, కొంచెం ఇటు, ఇంకొంచెం ఇటు అని జరిపించాడు. అల్లుడు గుమ్మంలో నిలబడి, ఆ రెండు సంతకాల మధ్యలో ఖాళీగా ఎందుకుందని అడిగాడు.

"ఆడ మా జోడీదారు ఉండె" అన్నాడు కాకా మామూలు గొంతుతో. తర్వాత నా వైపు వేలు చూపించాడు. "సాఫ్ చేసింది వీడే."

అల్లుడికేం తెలుసు, బాగా చేశావన్నట్టు నవ్వాడు. నేను స్టూలు మీద దారం పట్టుకుని, ముడి బిగించేదాకా తల తిప్పలేదు.