గుండ్లదొడ్డిలో మద్దమ్మ అడిగిన మాట

సుగ్గికి పోయే లారీని మద్దమ్మ అందరికంటే చివర ఎక్కుతుంది. ముందు చంటిబిడ్డల తల్లులు, తర్వాత వంటసామాన్లు, తర్వాత వయసు పిల్లలు. అందరూ సర్దుకున్నాక తాను వెనకవైపు కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. దారి పొడుగునా దుమ్మంతా ఆ చోటికే కొడుతుంది. ఇంకెవరినీ ఆమె అక్కడ కూర్చోనివ్వదు.

ఆదోనికి పడమరగా, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది గుండ్లదొడ్డి. నల్లరేగడి నేలలే గానీ వాన పడితేనే పంట. పత్తి తీతలు అయిపోగానే ఊర్లో పని ఉండదు. అప్పుడు జనం గుంటూరు వైపు మిరపకోతలకు వలసపోతారు. దాన్నే ఆ పల్లెల్లో సుగ్గి అంటారు. మద్దమ్మ పెళ్ళయిన ఏడాది నుంచీ పోతోంది. మిరప ఘాటుకు వేళ్ళు మండి నిద్రపట్టని కొత్త పిల్లల చేతులకు పెరుగు రాసి, పక్కన పడుకోబెట్టుకునేది ఆమే.

ఆమెను కూలి గుంపుకు పెద్దదిక్కుగా ఎవరూ ఎన్నుకోలేదు. ఒక ఏడు ఒక రైతు తన బోరు నీళ్ళు కూలివాళ్ళు ముట్టకూడదనీ, కాలవ నీళ్ళు తాగాలనీ అన్నాడు. మరునాడు పొద్దున మద్దమ్మ గంప బోర్లించి గట్టు మీద కూర్చుంది. ఎవరితోనూ ఏమీ అనలేదు. చూసి పక్కన ఇంకొకామె కూర్చుంది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు. ఎండెక్కేసరికి చేను ఖాళీ అయింది, గట్టు నిండింది. పండిన కాయ చెట్టుమీదే ఉండిపోతుంటే ఆ రైతే వచ్చి బోరు ఆన్ చేశాడు. అప్పటి నుంచి గుంపులో ఏ మాటైనా "మద్దక్కను అడగండి" అనడం అలవాటైంది.

మనుషుల్ని కూడగట్టి, రైతులతో మాట్లాడి, లారీ పెట్టే పని ఓబులేష్‌ది. ఎవరింట్లో చావైనా పెళ్ళైనా ముందుండే మనిషి. నవ్వుతూ మాట్లాడతాడు. పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు ఆయన్ను ఏకగ్రీవంగా సర్పంచిని చేద్దామని ఊరిపెద్దలు అనుకున్నారు. ఆంజనేయస్వామి గుడికి కొత్త మంటపం కట్టిస్తానని ఆయన మాటిచ్చాడు. ఎదురు నామినేషన్ వేసే ధైర్యం ఎవరికీ లేదు. ఊర్లో సగం ఇళ్ళు ఆయన లారీ ఎక్కే బతుకుతున్నాయి.

అంతా కుదిరిపోయిందనుకున్న సమయంలో ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది.

"నేను మహాదేవి కూతురు శివజ్యోతిని. పోయిన సుగ్గిలో నాకు జరమొస్తే ఆస్పత్రికి పిల్చుకపోతానని ఓబులేషన్న బండెక్కించుకున్న్యాడు. ఆస్పత్రికి పోల్యా. కాలవకట్ట మీద బండాపి నా మీద చెయ్యేసినాడు. నేను ఇడిపించుకోని చేన్లల్లో పడి పరిగెత్తినా. ఆయప్ప సర్పంచి అయితే రేపు ఏ కాగితానికైనా నేను ఆయప్ప దగ్గరికే పోవల్ల. అందుకే ఇప్పుడు చెప్తాండా."

గ్రూపు నడిపేవాడు ఆ మెసేజ్‌ను తీసేశాడు. అప్పటికే అది చుట్టుపక్కల ఊర్లన్నీ తిరిగింది.

మద్దమ్మకు ఆ సంగతి శివలీల హోటల్లో తెలిసింది. భర్త చిన్నన్నకు బొరుగుల ఉగ్గాని కట్టించుకుందామని వెళ్తే, బెంచీల మీద మగవాళ్ళు ఒక ఫోను చుట్టూ మూగి మళ్ళీ మళ్ళీ వింటున్నారు.

"ఏడాది నోరు మూసుకోని ఇప్పుడే తెరిచిందేమప్పా?" అన్నాడొకడు.

"ఎవురో దుడ్లిచ్చి చెప్పించినారు," అన్నాడు పక్కవాడు.

"చెప్పించేకి ఎదురు ఎవురు నిలబడినారప్పా? ఏకగ్రీవమంటిరి గదా," అన్నాడు ఒక ముసలాయన. మొదటివాడు మాట మార్చాడు.

"ఏమన్నా గానీ, ఓబులేష్ ల్యాకుంటే మనకు సుగ్గి యాడిది? ఒక పాప మాట పట్టుకోని ఊరంతా చెడిపోవల్లనా?"

మద్దమ్మ పొట్లం చేతిలో పట్టుకుని అంతా విన్నది. పోయిన సుగ్గికి ఆమె వెళ్ళలేదు. చిన్నన్న గొర్రెల వెంట పోయి గుంతలో పడి కాలు విరగ్గొట్టుకుంటే ఆయన దగ్గరే ఉండిపోయింది. గుంపు తిరిగొచ్చాక శివజ్యోతి మనుషుల్లో కలవకపోవడం చూసింది గానీ, పెళ్ళి మాటలు నడుస్తున్నాయి గదా, సిగ్గుపడుతోందనుకుంది. ఇప్పుడు ఉగ్గాని పొట్లం శివలీల చేతికే తిరిగిచ్చి, "చిన్నన్నకు ఎవురితోనైనా పంపీ," అని నేరుగా మహాదేవి ఇంటికి నడిచింది.

మహాదేవి తలుపు సగమే తీసింది. "నువ్వూ తిట్టేకి వచ్చినావా మద్దక్కా?"

"ముందు నీళ్ళియ్యి," అంటూ మద్దమ్మ లోపలికి పోయి చాప మీద కూర్చుంది.

శివజ్యోతి మంచం పక్కన గోడకు ఆనుకుని ఉంది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు వాచి ఉన్నాయి. మహాదేవి నీళ్ళ చెంబు పెట్టి, "నేను చెప్పొద్దంటి. సంబంధం వచ్చింది గదా, మింగేసెయ్యంటి. ఇప్పుడు ఎవురొస్తారు ఈ ఇంటికి?" అంది.

మద్దమ్మ ఆమెకు బదులివ్వకుండా పిల్ల వైపు తిరిగింది. "నీకు ఏమి కావల్ల పాపా? ఆయప్ప నీ కాళ్ళు పట్టుకోవల్లనా, జైలుకు పోవల్లనా? నువ్వు చెప్పు."

శివజ్యోతి గోడ వదిలి ముందుకు జరిగింది. "నేను అబద్దం చెప్పల్యా అని ఊరు ఒప్పుకోవల్ల అత్తా. ఆయప్పకు ఊరంతా కలిసి దండేస్తే, నేను అబద్దమాడినట్టే గదా." మెల్లగా అంది, "నువ్వు ఆ సుగ్గికి వచ్చింటే ఇది జరిగేది కాదు."

ఆ మాట మద్దమ్మ గుండెలో దిగింది. "రాలేకపోతి. ఇప్పుడుండా గదా," అని పిల్ల చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

ఆ సాయంత్రమే ఓబులేష్ బామ్మర్ది క్రాంతి కుమార్ మద్దమ్మ ఇంటి ముందు బండాపాడు. దిగకుండానే మాట్లాడాడు. "మద్దక్కా, గుంపుకు పెద్దదానివి నువ్వు. ఆడోళ్ళకు నచ్చజెప్పు. రేపు స్కూల్లో పంచాయితీ అంటాండారు. ఆ పాప తప్పయిందని ఒక మాటంటే ఈడికి అయిపోతుంది. ల్యాకుంటే ఈ సుగ్గికి మీకు లారీ రాదు."

అరుగు మీద కూర్చుని తాడు పేనుకుంటున్న చిన్నన్న తల ఎత్తకుండానే, "రాకుంటే నడిచి పోతారులేప్పా," అన్నాడు. చిన్నన్న అంత పొడుగు మాట మాట్లాడటమే అరుదు. క్రాంతి కుమార్ బండి తిప్పుకుని పోయాడు.

మద్దమ్మ వెంటనే ఫోను తీసి, ఎన్నో ఏళ్ళుగా తాము కోతలకు పోయే రైతుకు కలిపింది. ఈసారి ఓబులేష్ లారీ రాదేమోనని ఉన్నదున్నట్టు చెప్పింది. అవతలి పెద్దాయన, "మాకు కావాల్సింది మీ గుంపమ్మా, ఆయన కాదు. బండి నేను పంపుతాను, నువ్వు మనుషుల్ని సిద్ధం చేసుకో," అన్నాడు. ఇన్నాళ్ళూ ఇంత చిన్న పనికి మధ్యలో ఒక మనిషి ఎందుకున్నాడో మద్దమ్మకు అర్థం కాలేదు. ఆ కబురు మొదట మహాదేవికి చెప్పింది. తర్వాత వీధి వీధీ తిరిగి గుంపులో ఆడవాళ్ళందరికీ చెప్పింది.

మరునాడు స్కూలు ఆవరణ నిండిపోయింది. కుర్చీల్లో పెద్దలు, వాళ్ళ మధ్య ఊరిపెద్ద నరసన్న, పక్కనే ఓబులేష్. ఆడవాళ్ళు మామూలుగా గోడ అవతల నిలబడి వింటారు. ఆ రోజు మద్దమ్మ వెనకాలే లోపలికి వచ్చి నేల మీద కూర్చున్నారు. శివజ్యోతి తల్లి పక్కన కూర్చుంది.

ఓబులేష్ లేచి దండం పెట్టాడు. "ఆ పాప నా కూతురట్లాంటిది. జరమొస్తే ఆస్పత్రికి పిల్చుకపోవడం తప్పయితే ఆ తప్పు చేసినా. నా మంచితనం చూసి ఓర్వలేనోళ్ళు చేయిస్తాండారు. అంతకంటే నేనేం చెప్పల్ల?"

చప్పట్లు పడ్డాయి. తర్వాత వాదన మొదలైంది. సాక్ష్యం ఏదని ఒకరు, పోలీసు కేసు ఎందుకు పెట్టలేదని ఇంకొకరు. గుడి మంటపం సంగతేమిటని ఒకాయన మధ్యలో అడిగాడు. ఆడపిల్లను సుగ్గికి పంపడమే తల్లి తప్పని మరొకాయన తేల్చాడు. హోటల్లో మాట్లాడిన ముసలాయన లేచి, "ఆ పిల్లకు దీంట్లో ఏం లాభముందో చెప్పండప్పా," అంటే కూర్చోమని చొక్కా పట్టి లాగారు. చివరికి క్రాంతి కుమార్, "అందరూ ఎందుకు, ఆ పాపనే లేసి చెప్పమనండి, మేమూ చూస్తాం," అన్నాడు. శివజ్యోతి తల దించుకుంది.

మద్దమ్మ లేచింది.

"ఆ పాప చెప్పల్సింది చెప్పింది. మీరు హోటల్లో కూచోని మళ్ళీ మళ్ళీ విన్యారు. ఇంగ చెప్పల్సింది మీరు. నేను ఒకటే మాట అడుగుతా నరసన్న మామా, అడగొచ్చునా?"

నరసన్న తలూపాడు.

"ఓబులేష్ మంచోడు అంటాండారు. సరే. మంచోడే అనుకుందాం. రేపు సుగ్గిలో మీ ఇంటి ఆడబిడ్డకు జరమొస్తే, ఒంటిగా ఆయప్ప బండి మీద పంపిస్తారా? పంపిస్తామనేటోళ్ళు చెయ్యెత్తండి. ఎక్కువమంది ఎత్తితే ఈ పాపతో నేనే తప్పయిందని చెప్పిస్తా. నేనూ కాళ్ళు మొక్కుతా."

ఎవరూ కదల్లేదు. ఇప్పటిదాకా గట్టిగా వాదించినవాళ్ళు ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. ఓబులేష్ నవ్వుతూనే జనాన్ని చూస్తున్నాడు గానీ ఆ నవ్వు మెల్లగా బిగుసుకుంది. గుడి మంటపం సంగతి అడిగినాయన పైపంచె సర్దుకున్నాడు. ముందు వరుసలో క్రాంతి కుమార్ భార్య తన కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. క్రాంతి కుమార్ చెయ్యి సగం లేచింది. భార్య అతని వైపు చూసింది. ఆ చెయ్యి తల వెంట్రుకలు సవరించుకుని కిందికి దిగిపోయింది.

"ఏమప్పా," అంది మద్దమ్మ. గొంతు పెంచలేదు. "మీ బిడ్డను పంపించేకి నమ్మకం ల్యాదు గానీ, ఊరిని అప్పజెప్పేకి ఉండాదా?"

నరసన్న కుర్చీలోంచి లేచాడు. కిందటి వారం దాకా ఓబులేష్‌ను ముందుకు తోసినవాడు ఆయనే. "నేనూ చెయ్యెత్తల్యా," అన్నాడు. "నాకు మనవరాలుండాది. ఏకగ్రీవం అనే మాట ఈ పొద్దుతో అయిపోయింది. పాప అబద్దం చెప్పల్యా. నేను నమ్ముతాండా."

మహాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. శివజ్యోతి ఏడవలేదు. తలెత్తి ఆవరణలో ఉన్న మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది.

క్రాంతి కుమార్ చివరిసారి గట్టిగా అన్నాడు, "సరే, ఓటే పెట్టండి. ఓబులేష్‌కు ఎదురు నిలబడే మొగోడు ఎవుడుండాడో చూస్తాం."

"మొగోడు దొరికేదాంక యాడ కాసుకోని ఉండేది?" అంది మద్దమ్మ. "నేనే నిలబడతా."

ఆడవాళ్ళ మధ్య నుంచి ఒక నవ్వు లేచి ఆవరణంతా పాకింది. అది ఎగతాళి నవ్వు కాదు.

మరునాడు మద్దమ్మ రెండు పనులు చేసింది. పొద్దున శివజ్యోతిని, మహాదేవిని వెంటబెట్టుకుని పోలీసు స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు రాయించింది. శివజ్యోతి తానే చెప్పింది, తానే సంతకం పెట్టింది. మధ్యాహ్నం మండల కేంద్రానికి పోయి నామినేషన్ వేసింది. ఆ కేసు ఇంకా నడుస్తోంది.

రైతు మాట తప్పలేదు, బండి పంపాడు. గుంపు సుగ్గికి వెళ్ళింది, మద్దమ్మ ఊర్లోనే ఉండి ఇల్లిల్లూ తిరిగింది. ఆమె ఓట్లన్నీ గుంటూరు చేలల్లో ఉన్నాయని, వాళ్ళు కూలి వదులుకుని రారని ఓబులేష్ మనుషులు ధీమాగా ఉన్నారు. పోలింగు నాడు తెల్లవారుతూనే చెరువుకట్ట మలుపులో లారీ హారన్ మోగింది. తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని, చీరలకు మిరప ఎరుపు అంటుకుని, రాత్రంతా ప్రయాణం చేసిన ఆడవాళ్ళు నేరుగా బడి ముందు దిగి వరుసలో నిలబడ్డారు. వాళ్ళ చీరల ఘాటుకు పోలింగు సిబ్బందికి తుమ్ములు ఆగలేదు. బూత్ లోపల నవ్వులు పడ్డాయి.

సాయంత్రం లెక్కింపు మొదలైంది. ఓబులేష్ సొంత వీధి ఓట్లు కూడా చాలావరకు మద్దమ్మ గుర్తు మీదే పడ్డాయని తెలిసేసరికి ఆయన మనుషులు ఒక్కొక్కరే బయటికి నడిచారు. ఫలితం చెప్పగానే ఎవరో డప్పు తెచ్చారు. చిన్నన్న కుంటుకుంటూ వచ్చి భార్య నుదుట గులాలు రాశాడు. నలుగురిలో ఆయన అట్లా ముందుకు రావడం మద్దమ్మ ఎన్నడూ చూడలేదు. సిగ్గుపడి కొంగుతో మొహం తుడుచుకోబోతే గులాలు ఇంకా పరుచుకుంది. నరసన్న తన పైపంచె తీసి ఆమె భుజాల మీద కప్పాడు.

ఊరేగింపు వీధుల్లో పడింది. ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోస్తున్నారు. శివజ్యోతి డప్పుకు అందరికంటే ముందు ఎగురుతోంది. జడ ఊడిపోయింది, గులాలుతో మొహం ఎవరిదో తెలియకుండా ఉంది. దారి పక్కన ఆమెకు సంబంధం మాట్లాడుతున్న పెద్దలు నిలబడి చూస్తున్నారు. మహాదేవి వాళ్ళను చూసింది, కూతుర్ని చూసింది. పిల్లను ఇంట్లోకి రమ్మని పిలవలేదు. కొంగు బిగించి, తానూ ఆ వరుసలోకి అడుగేసింది.