మామిడి పిందెలూ, నాలుగు చేతుల కార్బనూ

ఇరవై మూడేళ్ల వయసులో ఉన్నంత జ్ఞానం మనిషికి మళ్లీ ఎప్పుడూ రాదు. ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. బీఎస్సీ పట్టా పట్టుకుని, రాష్ట్రం సరిహద్దు దాటి, కొంటా అవతల అడవి దారిలో ఉన్న ఒక బడిలో అతిథి టీచరుగా చేరాను (పేరుకు తగ్గట్టే, ఎప్పుడు పొమ్మంటారో తెలియని అతిథిని). పిల్లలు ఇంట్లో తమ గూడెం భాష దోర్లీ, సంతలో తెలుగు మాట్లాడేవాళ్లు. పుస్తకమేమో హిందీ. ఏడాది చివర్లో పెద్దసారు పిలిచి, "జిల్లా నుంచి సాబ్ వస్తుండు. నీ పాఠం వింటడు. నచ్చితే ఇంకో ఏడాది, లేకుంటే నా చేతుల ఏం లేదమ్మా" అన్నారు. లేకుంటే ఏముంది, హైవే మీద మా నాన్న టైర్ల కొట్లో కూర్చుని లారీలకు గాలి కొట్టాలి.

పాఠం కార్బన్. జీవమున్న ప్రతిదానికీ అదే ఎందుకు ఆధారమో చెప్పాలి. మా పెరట్లో కోసిన మామిడి పిందెలు ఒక బుట్టెడు, వెదురు పుల్లలు ఒక కట్ట తీసుకెళ్లాను. పిందె కార్బన్, దానికి గుచ్చే నాలుగు పుల్లలు దాని బంధాలు. నా తెలివికి నేనే మురిసిపోయాను. తీరా చూస్తే ఒక్కరూ బుట్ట దగ్గరకు రాలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు.

"పండుగ కాలే మేడం" అంది ముందు బెంచీ పిల్ల. ప్రతిదానికీ వాదిస్తుందని దాన్ని నేను లాయరమ్మ అనేదాన్ని.

"తినమనట్లేదే, పుల్లలు గుచ్చమంటున్నా."

"ఊరంతా పండుగ చేసి పెద్దలకు పెట్టినంకనే మేం కొత్త కాయ ముట్టేది. మీ ఇంట్ల ముందే కోస్తరా ఏంది?"

(దారిలో ఉప్పూకారం అద్దుకుని మూడు కార్బన్లు తినేసిన సంగతి నేను చెప్పలేదు.) సాబ్ రావడానికి గంట కూడా లేదు. ఏడుపొక్కటే తక్కువ. "కార్బన్‌కు నాలుగు చేతులర్రా, ఒక్కటీ ఖాళీగా ఉంచుకోదు" అన్నాను నీరసంగా.

"మనిషికి రెండే గద" అంది లాయరమ్మ. అంటూనే పక్క పిల్లను లాగి వీపుకు వీపు ఆనించి, చున్నీతో ఇద్దరి నడుములూ కలిపి కట్టేసింది. "ఇగో, నాలుగు."

ఆ తర్వాత నేను చెప్పాల్సిన పని లేకపోయింది. చిన్న తరగతి పిల్లలు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని హైడ్రోజన్లయ్యారు. ఒక కార్బన్‌కు నలుగురు హైడ్రోజన్లు తగులుకుంటే, బురదగుంటలో బుడగలు లేపే మీథేన్ గాలి తయారు. కార్బన్ చెయ్యి ఇంకో కార్బన్ పట్టుకుంది, దాన్ని మరొకటి. పండుగల్లో చేతులు కలిపి ఆడే పిల్లలాయె, వరుస గది దాటి, వాకిట్లో కొమ్మలు వేసి, బోరింగు చుట్టూ ఉంగరంలా తిరిగింది.

సరిగ్గా అప్పుడే జీపు దిగిన సాబ్‌కు ఖాళీ తరగతి కనిపించింది. వాకిట్లోకొచ్చి నిలబడ్డారు. "సాబ్, ఏక్ హాథ్ ఖాలీ హై" అంటూ లాయరమ్మ ఖాళీగా ఉన్న ఒక చెయ్యి చాపింది. ఆయన ఒక చేతిలో ఫైలు ఉండడం వల్ల హైడ్రోజన్‌గా కుదిరారు. చెయ్యి పట్టుకునే, ఒంట్లో ఇనుమూ ఉందిగా, మరి కార్బనే ఆధారం ఎందుకని హిందీలో అడిగారు. నేను నోరు తెరిచేలోపే లాయరమ్మ అందుకుంది.

కార్బన్ తనవాళ్లను ఎంత దూరమైనా పట్టుకుంటూ పోతుందనీ, పరాయివాళ్లనూ కలుపుకుంటుందనీ, అన్నం, ఆకు, సాబ్ మీసం అన్నీ అలాంటి వరుసలేననీ చెప్పిందది. దానికొచ్చిన హిందీ అక్కడితో అయిపోయింది, ఇక తెలుగులోకి దిగింది. "పట్టు వదులైతే వరుస తెగుతది. మరీ బిగిస్తే ఆడలేం. ఇది గట్టిగనే పడతది, అవసరమైతే చెయ్యి మారుస్తది" అని ముగించింది. మొదటి సగం నేను చెప్పిందే. ఈ చివరి మాట ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

సాబ్ రిజిస్టర్లో చాలాసేపు రాసి వెళ్లిపోయారు. తెరిచి చూస్తే 'తరగతిలో క్రమశిక్షణ బొత్తిగా లేదు' అని ఉంది. పిల్లల ముందే బావురుమన్నాను. పెద్దసారు విసుక్కుని, "పేజీ తిప్పమ్మా" అన్నారు. వెనక ఒకటే వాక్యం: 'ఈ టీచరును ఇక్కడి నుంచి కదపవద్దు.'

తర్వాత కొన్నేళ్లకు ఉద్యోగం పక్కా అయింది. ఇప్పుడు తనిఖీ అంటే భయం లేదు, గోడమీద బొమ్మల తెర ఉంది, పిల్లలు బుద్ధిగా కూర్చుంటారు. నిజం చెప్పాలంటే అంత మంచి పాఠం మళ్లీ చెప్పలేదు. అప్పటి నన్ను, ఆ ఏడుపుగొట్టు పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది. సోమవారం మళ్లీ కార్బన్ పాఠముంది. ఈసారి తెర ఆపేసి, వీపుకు వీపు ఆనించి నాతో నిలబడేదెవరని అడుగుదామనుకుంటున్నాను.