మేం ఇవతల నుంచి మూసిన బొరియ

దగ్గరగా జరిగి కూర్చోండమ్మా, చెప్తాను. డెబ్బైల్లో, పామర్రు దగ్గర మా రెండెకరాల చేను కోతకొచ్చింది. ఏడాది తిండిగింజలన్నీ అందులోనే ఉన్నాయి. ముసురు పట్టి పక్కనున్న కాలువ నిండిపోయింది. ఓ మధ్యాహ్నం చూస్తే కాలువ గట్టు అడుగున ఎండ్రకాయ బొరియలోంచి బొటనవేలంత ధారగా నీళ్లు చేలోకి వస్తున్నాయి.

నేనూ మా తోడికోడలు రత్తమ్మా చేలో నిలబడి బొరియలో గడ్డీ బురదా కుక్కాం. కుక్కినదల్లా నీళ్లు బయటికి తన్నేశాయి. చివరికి నేనే వీపు ఆనించి కూర్చున్నాను.

"కదలమాకు అక్కా! నువ్వు కూచుంటే కృష్ణమ్మైనా ఆగాల్సిందే!" అంది రత్తమ్మ. అంతలోనే నీళ్లు నన్ను ముందుకి తోసేశాయి.

మామగారు పరుగెత్తుకొచ్చారు. "పిచ్చిమొహాల్లారా, ఇవతల మూస్తే ఎట్టా ఆగుద్ది? కాలవలో దిగి అటునుంచి కుక్కాల. అప్పుడు నీళ్లే దాన్ని అదిమి పట్టుకుంటయ్!"

ఆయన గడ్డిమోపు ఎత్తుకునేలోపే గట్టుకి గండి పడింది. మేం పక్కకి దూకాం. చేనంతా మునిగింది.

మామగారు బురదలోనే కూలబడ్డారు. ఆ ఏడాదంతా ఊళ్లోవాళ్ల చేలల్లో కూలికెళ్లి తిన్నాం.

నీళ్ల బలాన్ని నీళ్లమీదికే తిప్పాలని తెలిసింది కానీ, తెలిసేసరికి చేను లేదు. మీ ఇంట మాత్రం తెలియాల్సినవి వేళకి తెలియాలి తల్లీ, పొయ్యిమీద ఎసరు ఏ పూటా ఆగకూడదు.