తలుపు మీద అతికించిన కాగితం

2018 అక్టోబరు. అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక రాష్ట్ర సుప్రీంకోర్టులో జడ్జిగా నాకది పదకొండో ఏడు. ఏ రాష్ట్రమో చెప్పను. కేసులోని తల్లి పేరు కూడా మార్చాను. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత సుప్రీంకోర్టు ఉంటుంది. మా దాంట్లో ఏడుగురం. వాదనలు విన్నాక కాన్ఫరెన్స్ అని తలుపులు మూసుకుని కూర్చుంటాం. అందరికంటే కొత్తగా వచ్చినవారు ముందు మాట్లాడాలి, చీఫ్ జస్టిస్ చివర. ఓట్లు పడ్డాక, మెజారిటీలో తీర్పు ఎవరు రాయాలో చీటీ తీస్తాం. తీర్పు వెలువడేదాకా ఎవరైనా ఓటు మార్చుకోవచ్చు.

ఆ రోజు చీటీ నాకొచ్చింది.

కేసు లిండా అనే తల్లిది. ఒక కౌంటీ కోర్టు, అంటే మన జిల్లా కోర్టు లాంటిది, ఆమెకు నాలుగేళ్ల కూతురి మీద ఉన్న పేరెంటల్ రైట్స్ రద్దు చేసింది. అంటే చట్టం దృష్టిలో ఆమె ఇక ఆ పాపకు తల్లి కాదు. పెద్ద కారణం, ఆఖరి హియరింగ్‌కి ఆమె రాలేదని. ఆ ఉదయం హీటింగ్ చెడిపోయి కోర్టును రోడ్డవతలి అనెక్స్ భవనానికి మార్చారు. పాత హాలు తలుపుకి బయటివైపు నోటీసు అతికించారు. ఆ పాత భవనంలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి లాయరు చేసిన ఫోను ఆమెకు అందలేదు. "నేను వచ్చాను. పిలుస్తారని హాలు బయట బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాను. నోటీసు కనిపించలేదు" అన్నది లిండా మాట. ఎదురుగా తలుపు మీదున్న కాగితం కనిపించకపోవడమేమిటని నలుగురం ఆమెకు వ్యతిరేకంగా ఓటేశాం. ముగ్గురు ఆమె పక్షాన నిలిచారు.

నేను ముప్ఫై ఏళ్లుగా రోజుకి నాలుగు లైన్లు డైరీ రాస్తున్నాను. ఆ వారం సోమవారం పేజీలో "మూడో డ్రాఫ్ట్", బుధవారం "ఐదో డ్రాఫ్ట్, కదలడం లేదు", గురువారం "'ఆమె హాజరు కాలేదు' అన్న వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను" అని ఉంది. తీర్పు రాయబోతే కలం సాగకపోవడం మా వృత్తిలో ఒక హెచ్చరిక. అప్పుడు రికార్డు మళ్లీ చదవాలి. రికార్డు అంటే కింది కోర్టు కాగితాలు, అక్కడ ఎవరేం మాట్లాడారో అక్షరం పొల్లు పోకుండా దింపిన ట్రాన్‌స్క్రిప్ట్. పైకోర్టు జడ్జికి అదే లోకం. దాన్ని దాటి సొంతంగా వాకబు చేయడం నిషేధం.

నేను రెండోసారి చదివాను. మనసు నిలవలేదు. శుక్రవారం సెలవు పెట్టి, ఆపిల్ తోటకి వెళ్దామని నా భార్య రుక్మిణిని కారెక్కించుకుని, నూట నలభై మైళ్లు డ్రైవ్ చేసి ఆ కౌంటీ కోర్టుకెళ్లాను.

"ఈ తోటకి మెటల్ డిటెక్టర్ కూడా ఉందే," అంది రుక్మిణి, అద్దాల తలుపుల్లోంచి చూసి.

"పది నిమిషాల్లో వస్తాను."

"మీ పది నిమిషాలు నాకు తెలియవా. ఫోను ఇలా ఇచ్చి వెళ్లండి."

సెక్యూరిటీ గార్డుకి నేనెవరో తెలియదు. "జ్యూరీ డ్యూటీయా సార్? పై అంతస్తు," అన్నాడు. కాసేపు కూర్చుంటానని చెప్పి ఆ బెంచీ మీద కూర్చున్నాను. హాలు తలుపు వరండాలోకి తెరుచుకుంటుంది. దాన్ని పూర్తిగా తిప్పి గోడకి కొక్కెంతో తగిలించారు.

"ఎప్పుడూ తెరిచే ఉంటుందా?" అని గార్డుని అడిగాను.

"మూస్తే మళ్లీ తెరుచుకోదండీ. ఏళ్ల నుంచీ ఇంతే."

ఆ తలుపు బయటివైపు కాగితం అతికించి మళ్లీ కొక్కెం తగిలిస్తే, అది గోడకి తప్ప ఎవరికీ కనిపించదు.

కారులో రుక్మిణికి అంతా చెప్పాను. ఆవిడ నా ఫోను తిరిగిచ్చేసింది. తర్వాత, "చూడకూడదని తెలిసే వెళ్లారుగా. ఇప్పుడు చూడనట్టు కూర్చోగలరా?" అంది.

శని, ఆదివారాలు ఇంట్లో ఒకచోట కుదురుగా ఉండలేకపోయాను. నోరు మూసుకుని ఓటు మార్చుకుంటే లిండా నాలుగు-మూడుతో గెలుస్తుంది. ఎవరికీ తెలియదు. చేసింది చెప్పేస్తే కేసు నుంచి తప్పుకోవాలి. అప్పుడు మిగిలేది అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఓట్లు సమానమైతే మా దగ్గర కింది కోర్టు తీర్పే నిలుస్తుంది. తప్పు నాది, శిక్ష ఆ తల్లీకూతుళ్లకి. నా బదులు మా కింద ఉండే అప్పీల్స్ కోర్టు నుంచి ఒకరిని పిలిపించే అధికారం చీఫ్‌కి ఉంది, కానీ పిలిచి తీరాలని లేదు. అంతకుముందు రెండు కేసుల్లో ఆవిడ పిలవలేదు. పైగా ఆవిడ లిండాకి వ్యతిరేకంగా ఓటేసిన నలుగురిలో ఒకరు.

సోమవారం పొద్దున్నే వెళ్లి చెప్పేశాను.

"ఎంత దూరం వెళ్లావు?" అంది చీఫ్.

"నూట నలభై మైళ్లు."

"కొత్త జడ్జిలకి ఈ నిషేధం మీద క్లాసు చెప్పేది నువ్వే కదా?"

"నేనే."

"ఈ ఏడు ఇంకెవరైనా చెప్తారులే." కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అక్కడేం చూశావో నాకు చెప్పకు. ఓటు మార్చుకున్నావో లేదో కూడా చెప్పకు."

"నా బదులు ఎవరినైనా పిలుస్తారా?"

"అది అడిగే హక్కు ఇప్పుడు నీకు లేదు."

రెండు పక్షాలకీ నా సంగతి తెలియజేస్తూ ఉత్తరాలు వెళ్లాయి. తొమ్మిది రోజులు ఏమీ తెలియలేదు. పదో రోజు అప్పీల్స్ కోర్టు నుంచి ఒక జడ్జిని పిలిపించారు. వాదనలు మళ్లీ మొదటి నుంచి విన్నారు. తీర్పు మార్చిలో వచ్చింది. అందరిలాగే నేనూ వెబ్‌సైట్‌లో చదివాను. నాలుగు-మూడు, లిండా పక్షాన. హియరింగ్ మళ్లీ జరపాలి.

రాసింది ఆ కొత్త జడ్జే. ఆమె తలుపు జోలికే వెళ్లలేదు. ట్రాన్‌స్క్రిప్ట్ నలభై ఒకటో పేజీ చూపించింది. అనెక్స్‌లో కుర్చీలు చాలక పాత భవనం నుంచి మోసుకొచ్చిన కోర్టు ఉద్యోగి, "అక్కడ బెంచీ మీద ఒకామె ఒక్కతే కూర్చునుందండీ" అంటాడు. "ఇంకెన్ని కుర్చీలు కావాలి?" అంటాడు అక్కడి జడ్జి. అంతే. తర్వాతి పేజీలో లిండా పేరు పిలిచి, రాలేదని రాసుకున్నారు.

మొదటి వాదనల్లో లాయర్లిద్దరూ ఆ పేజీ మాటెత్తలేదు, ఏడుగురు జడ్జిలమూ ఎత్తలేదు. బీరువాలోంచి నా కాపీ తీశాను. నలభై ఒకటో పేజీ మూలన నా పెన్సిల్ టిక్కులు రెండున్నాయి. చదివిన ప్రతిసారీ ఒక టిక్కు పెట్టడం నా పద్ధతి. కుర్చీల గొడవ అనుకుని రెండుసార్లూ దాటేశాను.

కొత్త హియరింగ్‌లో ఏమైందో నాకు తెలియదు. పిల్లల కేసుల ఫైళ్లు బయటివాళ్లు చూడకుండా సీల్ చేస్తారు. ఈసారి నేను వెతుక్కుంటూ వెళ్లలేదు. రికార్డు చాలలేదనిపించినప్పుడు, చాలనిది నా చదువేమోనని ముందు అనుమానించాలి. నేను నేర్చుకున్నది ఇదొక్కటే, దానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ పాపను చూడడానికి లిండాకి అనుమతి లేదు. పాప పుట్టినతేదీ కాగితాల్లో ఉంది. ఐదేళ్లు ఆ మధ్యలోనే నిండాయి.